పేపర్లు తక్కువైతే వెనకబడ్డట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి థియరిటికల్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి ఇప్పుడు విదేశంలో పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగంలో) ఉంది. తన మొదటి పేపర్ వచ్చి ఆరేళ్లయింది. సంక్రాంతికి చుట్టాలంతా వచ్చినప్పుడు మా బావమరిది కొడుకు ఫోన్లో, పరిశోధన పేపర్ల లెక్కలు చూపించే గూగుల్ స్కాలర్ తెరిచి, కెమిస్ట్రీలో తనవి 46 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 19 అనీ, మా అమ్మాయివి 9 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 6 అనీ అందరికీ చూపించాడు. అమ్మాయి అప్పుడు వీడియో కాల్‌లోనే ఉంది, ఏమీ మాట్లాడలేదు. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. నిజంగానే వెనకబడిందా సార్?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: లేదండీ. మీ ఉత్తరం చదవగానే నాకు బాధేసింది, ఎందుకంటే ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడమే తప్పు.

ముందు ఆ 6 అంటే ఏమిటో చూద్దాం. ఒకరి పేపర్లను సైటేషన్ల (అంటే వేరే పేపర్లు దాన్ని ఎన్నిసార్లు ఉదహరించాయన్న లెక్క) వరసలో, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి. ఎన్నో పేపర్ దాకా సైటేషన్లు దాని వరస అంకెకు తగ్గకుండా ఉంటాయో, ఆ అంకే హెచ్-ఇండెక్స్. 40, 22, 15, 9, 6, 6, 3, 1, 0 అనుకుందాం. ఆరో పేపర్‌కు 6 ఉన్నాయి, ఏడోదానికి 3 మాత్రమే, కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. మొదటి పేపర్‌ను నలభై మంది కాకుండా నాలుగు వేల మంది ఉదహరించినా అది 6 దగ్గరే ఉంటుంది!

ఈ లెక్క 2005లో పెట్టింది హోర్హే హిర్ష్, ఆయనా ఫిజిక్స్ మనిషే. హెచ్-ఇండెక్స్‌ను మొదటి పేపర్ నుంచి గడిచిన ఏళ్లతో భాగిస్తే 1 దరిదాపుల్లో వచ్చినవాళ్లు రాణిస్తున్న శాస్త్రవేత్తలని ఆయనే రాశాడు, అంటే ఇరవయ్యేళ్లకు 20. మీ అమ్మాయికి ఆరేళ్లకు 6. జీవశాస్త్రాల్లో ఈ అంకెలు ఫిజిక్స్ కంటే పెద్దగా ఉంటాయని కూడా ఆ పేపర్లోనే చెప్పాడు, ఒక సబ్జెక్టు వాళ్లను ఇంకో సబ్జెక్టు వాళ్లతో పోల్చకూడదనడానికి అదొక్కటి చాలు. పదిహేనేళ్ల తర్వాత, 2020లో, ఈ లెక్కవల్ల చెడు కూడా జరుగుతోందని ఆయనే ఒప్పుకున్నాడు.

కెమిస్ట్రీ ల్యాబ్‌లో పదిమంది కలిసి పనిచేస్తారు, ఒకరు పదార్థం తయారుచేస్తే ఇంకొకరు కొలతలు తీస్తారు, పేపర్ మీద అందరి పేర్లూ పడతాయి. అది వాళ్ల పని పద్ధతి, అందులో తప్పేం లేదు, మీ బావమరిది కొడుకు కష్టాన్నీ నేను తక్కువ చేయను. థియరీలో మాత్రం చాలాసార్లు ఇద్దరో ముగ్గురో, ఒక్కోసారి ఒక్కరే. నాకు తెలిసిన ఒక థియరీ విద్యార్థి నాలుగు నెలల లెక్కంతా రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటే, ముప్ఫై ఏడో పేజీలో ఒక మైనస్ గుర్తు జారిపోయిందని చివర్లో తెలిసింది. అక్కణ్ణుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ నాలుగు నెలలు ఏ గూగుల్ స్కాలర్‌లోనూ కనిపించవు. ఇక ప్రయోగాల వైపు చూస్తే, హిగ్స్ కణం బరువు మీద 2015లో వచ్చిన పేపర్‌కు 5,154 మంది రచయితలు, 33 పేజీల్లో 24 పేజీలు పేర్లకే పోయాయి.

ఆ కణానికి పేరిచ్చిన పీటర్ హిగ్స్ సంగతి మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది, మీరూ తెలుసుకోవాలి. 1964లో ఆ కణం గురించి అసలు పేపర్ రాశాక ఆయన రాసినవి పదికంటే తక్కువే. నోబెల్ 2013లో వచ్చింది. ఇవాళ్టి పద్ధతిలో అయితే తనకు యూనివర్సిటీలో ఉద్యోగమే దొరికేది కాదని ఆయనే అన్నాడు. ప్రకృతిలోని రెండు బలాలను ఒకే సిద్ధాంతంలో కలుపుతూ అమెరికా భౌతిక శాస్త్రవేత్త స్టీవెన్ వైన్‌బెర్గ్ 1967లో రాసిన మూడు పేజీల పేపర్‌ను మొదటి మూడు నాలుగేళ్లు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1971లో డచ్ శాస్త్రవేత్త గెరార్డ్ ట్ హూఫ్ట్ ఆ రకం సిద్ధాంతాల్లో లెక్కలు పొసగుతాయని చూపించాకే అందరూ అటు తిరిగారు. 1979లో నోబెల్, ఇప్పుడు దాని సైటేషన్లు పదివేలు దాటాయి. మరి 1969లో ఎవరైనా ఫోన్ తెరిచి చూపించుంటే ఏం కనిపించేది?

మన మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టి రేటు కట్టరు గదా, సంచిలోంచి గుప్పెడు కాయలు తీసి రంగు చూస్తారు, తాలు చూస్తారు. పేపర్‌నీ అలా తెరిచి చూడాలి. కణ భౌతికం థియరీ అయితే ఇన్‌స్పైర్ అనే సైట్‌లో తన పేపర్లను తానే ఉదహరించుకున్నవి తీసేసి చూసే వీలుంది. ఎంతమంది అన్నదానికంటే ఎవరు, ఎందుకు ఉదహరించారన్నది ముఖ్యం. ఎవరో ముందుమాటలో వరసగా ఇరవై పేర్లు చెబుతూ ఈమెదీ చెప్పారా, లేక ఈమె సమీకరణం మీదే తమ లెక్క నిలబెట్టారా? ఆ రెండో రకం రెండున్నా చాలు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు పేపర్ల సంఖ్య అడక్కండి. ఆ తొమ్మిదింట్లో నీకు బాగా ఇష్టమైంది ఏదమ్మా, అందులో ఏం చేశావో నాకు అర్థమయ్యేట్టు చెప్పు అని అడగండి. గంటసేపు చెబుతుంది, వినండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. పన్నెండు వేలు కడితే పది రోజుల్లో ఇంటర్నేషనల్ జర్నల్‌లో పేపర్ వేయిస్తామని ఒకరు ఫోన్ చేశారు. కట్టమంటారా?
– ఒక విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: వద్దమ్మా. పేపర్‌ను సబ్జెక్టు తెలిసినవాళ్లు చదివి, ప్రశ్నలు వేసి, మీరు జవాబులిచ్చేసరికే సాధారణంగా నెలలు పడుతుంది, పది రోజుల్లో ఎవరూ చదవరు. థియరీ వాళ్లు 1991 నుంచీ ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌లో పైసా కట్టకుండా తమ పేపర్లు పెట్టుకుంటున్నారు. కొత్తవాళ్లకు అక్కడ ఇప్పటికే రాస్తున్నవాళ్ల సిఫార్సు కావాలి, అది మీ గైడ్‌ను అడగండి. డబ్బు ఇప్పటికే కట్టేసి ఉంటే మాత్రం దాచుకోకుండా ఇవాళే ఆయనకు చెప్పేయండి, పేపర్ అక్కడ అచ్చయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.