పూత గీకేసి ఇటుక చూపిద్దామంటున్నారు

ప్రశ్న: సెలవుల్లో పాత గోవా వెళ్లొచ్చాం. సే కథెడ్రల్ తెల్లగా, దానికెదురుగా బామ్ జీసస్ బసిలికా ఎర్రరాయితో భలే ఉన్నాయి. అది చూశాక మా కమిటీవారు ఇక్కడి పాత చర్చికీ సున్నం పూత గీకించి, ఇటుక కనపడేలా వార్నిష్ కొట్టిద్దామంటున్నారు. చేయించొచ్చా?
- ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: వద్దమ్మా. మీరు మురిసిపోయిన ఆ ఎర్రదనం కట్టినవాళ్లు కోరుకున్నది కాదు. 1605లో ప్రతిష్ఠ జరిగిన ఆ బసిలికాకు సున్నం పూత ఉండేది. 1950ల్లో బాల్తజార్ కాస్త్రో అనే పోర్చుగీసు ఆర్కిటెక్ట్, పాతదనం కనపడాలని దాన్ని ఒలిపించేశాడు. లోపలున్నది లాటరైట్, బెజ్జాలతో నీళ్లు పీల్చే రాయి. అప్పట్నుంచీ గోవా వానలు నేరుగా దాన్నే కొడుతున్నాయి, రాయి అరుగుతోంది. పూత మళ్లీ వేయమని అక్కడి ఫాదరే అడిగారు. కానీ ఇన్నేళ్లు ఫొటోల్లో ఎర్రగా చూసిన జనానికి తెల్ల బసిలికా ఓ పట్టాన మింగుడుపడదు.

మీ ఇటుక సంగతి ఇంకా నాజూకు. పైగా మీది ఉప్పుగాలి. గోడలోని చెమ్మ సున్నంలోంచి బయటికి పోతుంది. వార్నిష్ కొడితే ఆ దారి మూసుకుపోయి, ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి పెచ్చులూడదీస్తుంది. సిమెంటుతోనూ ఇదే తంటా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత బంగళాకు నేనే దగ్గరుండి సిమెంటు పూత వేయించాను. రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత పలకలు పలకలుగా ఊడింది, ఇటుక ముఖాన్ని కూడా పట్టుకుపోయింది. మా మేస్త్రి ముందే చెప్పాడు, విన్నానా!

మీరు చేయాల్సింది చిన్న పనే. ముందు కప్పు, తూములు చూపించండి, సగం చెమ్మ అక్కణ్ణుంచే దిగుతుంది. తర్వాత పూతను వేలి కణుపుతో తట్టండి. డొల్లగా మోగినచోటే తీయించి, గానుగ సున్నంతో పల్చగా, పొర మీద పొర వేయించండి. తడి గోనెలు కప్పి నిదానంగా ఆరనివ్వాలి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఈ పని పెట్టుకోకండి. ఆపైన ఏటా వెల్ల.

అయినా కమిటీవారు వినకపోతే, వెనక గోడకు జానెడు మేర మాత్రం గీకి వార్నిష్ కొట్టమనండి. మిగతా గోడ జోలికి వచ్చే క్రిస్మస్ దాకా వెళ్లొద్దనండి.