రాజీనామాకు ముందు ఒక ఏడాది

టెక్కలి

చిరంజీవి అమ్మడుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. ఆడిటర్ ఉద్యోగం మానేసి పక్షుల బొమ్మలు, కొండల బొమ్మలు వేసుకుంటూ బతుకుతానని నువ్వు అన్నప్పటి నుంచి మీ అమ్మకు ఒకటే టెన్షన్. "నువ్వైనా దానికి చెప్పప్పా" అని రోజూ ఫోన్ చేస్తోంది. బ్యాంకు ఉద్యోగం మానేసి కుంచె పట్టినదాన్ని, వద్దని నేనెలా చెబుతాను? మానెయ్యి. కాకపోతే ఇంకో ఏడాది ఆగి మానెయ్యి.

ఎందుకు ఆగమంటున్నానో చెబుతాను. సెలవుల్లో వెళ్లి చూసిన అడవి మనకు సగమే తెలుస్తుంది. ఒక చోటు ఎంచుకుని అన్ని కాలాల్లోనూ దాని ముందు కూర్చోవాలి. అదృష్టం కొద్దీ మన వైపే అలాంటి చోట్లు రెండున్నాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి జూన్‌లో నత్తగుల్ల కొంగలు దిగుతాయి. అవి వస్తే వానలు వచ్చినట్టేనని ఊరివాళ్ల నమ్మకం. అవి వెళ్లే రోజులకి మన పక్కనే తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కట్టేసి ఉంటాయి, వేసవి ముదిరేదాకా ఉంటాయి. వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఆ ఊళ్లో. నువ్వు విశాఖలోనే ఉన్నావు కాబట్టి శనివారం పొద్దున్నే రైలెక్కి నౌపడలో దిగితే చాలు, మిగతా దారి ఆటోలో వచ్చేయొచ్చు.

ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని చాలామంది నీకు చెబుతారు. నమ్మకు. నేను చెప్పిన ఈ మూడూ మన ఉపఖండపు పక్షులే, నీళ్లనీ తిండినీ బట్టి చోటు మారుతుంటాయి. బొమ్మ వేసేవాళ్లకు ఇలాంటివి తెలిసి ఉండాలి. తెలియకుండా వేస్తే అందంగానే ఉంటుంది గానీ అందులో పక్షి ఉండదు.

నత్తగుల్ల కొంగ ముక్కునే తీసుకో. పై ముక్కూ కింది ముక్కూ కొస దగ్గర కలుస్తాయి, మధ్యలో మాత్రం సందు ఉంటుంది. నత్తను పట్టుకోవడానికి ఆ ముక్కు పనికొస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. గూట్లో పిల్లను వేస్తూ దాని ముక్కులో సందు పెట్టావంటే, తేలుకుంచి పిల్లాడు కూడా నవ్వుతాడు. ఫొటో చూసి వేసేవాళ్లకు రెట్టలతో తెల్లబడిపోయిన చింతాకులు గుర్తుండవు. కుళ్లిన చేపల కంపు, ఎండకు పిల్లల మీద రెక్కలు గొడుగులా పట్టి నిలబడే తల్లి కూడా గుర్తుండవు. నీకు ఇవన్నీ కావాలి. ఆ కంపులో గంటలకు గంటలు కూర్చున్నాక కూడా మళ్లీ శనివారం ఎప్పుడొస్తుందా అనిపిస్తే, అప్పుడు రాజీనామా రాయి.

రంగుల సంగతి. నల్లరంగు ట్యూబు పక్కన పెట్టెయ్. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలిపితే గూడబాతు బూడిదరంగు చక్కగా వస్తుంది, నీలం పెంచితే చల్లగా, సియెన్నా పెంచితే వెచ్చగా. ఎర్రకాళ్ల కొంగకు వెనక రెక్కల ఈకల్లో గులాబీ రంగు ఉంటుంది. దానికి అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు వాడకు, వెలుతురుకు వెలిసిపోతుంది. డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ల గోడ మీద రంగు పోయిన కొంగ మిగిలితే అది అన్యాయం. క్వినాక్రిడోన్ రకం గులాబీ కొనుక్కో, ఖరీదెక్కువైనా. కాగితం నూలుదే, మందపాటిది, 300 జీఎస్ఎమ్. మన సముద్రపు గాలికి వానాకాలంలో కాగితానికి బూజు పడుతుంది, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచు.

డబ్బు లెక్కలు నీకు నేను నేర్పాలా! అయినా సొంత లెక్క దగ్గర తడబడేది లెక్కల మనుషులే. నీ సర్వీసు నాలుగేళ్లు దాటిందన్నావు. గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండాలి, పీఎఫ్ తీసినా అయిదేళ్లు నిండితే పన్ను బెడద ఉండదు. ఏడాది ఆగమనడానికి ఇదీ ఒక కారణం. ఆఫీసువాళ్ల ఆరోగ్య బీమా ఆఖరి రోజుతో పోతుంది, ఇప్పుడే సొంత పాలసీ తీసుకో, కొన్ని జబ్బులకు డబ్బివ్వని మొదటి కాలం, అదే వెయిటింగ్ పీరియడ్, కొంతైనా ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతుంది. ఈఎమ్ఐలు తీర్చెయ్. బొమ్మ అమ్మేముందు మంచి స్కాన్ తీసి పెట్టుకో. బొమ్మ అమ్మినా, నువ్వు రాసిస్తే తప్ప కాపీరైట్ నీ దగ్గరే ఉంటుంది. ముందే డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మ సంగతి వేరు, అక్కడ ఒప్పందం రాసుకో.

మానేశాక కూడా ఏదో ఒక చిన్న రాబడి ఉంచుకో. రెండు మూడు కంపెనీల లెక్కలు చూడు, లేదా పిల్లలకు డ్రాయింగ్ చెప్పు. అది కళకు తక్కువేమీ కాదు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన చిత్రకారుడు వడ్డాది పాపయ్యగారు కశింకోటలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు. చందమామ అట్టల మీద 'వపా' సంతకం చూసి మురిసిన ఇళ్లు ఎన్నో. నెల జీతం ఆయన చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఇంటి అద్దె భయంతో కూర్చున్నావనుకో, కొనేవాడికి నచ్చే బొమ్మలే వేస్తావు, నీకు కనబడిన కొంగను వెయ్యవు. నాకు నీ గురించి భయమంటూ ఉంటే అదొక్కటే.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. దసరాకి వచ్చేటప్పుడు స్కెచ్ పుస్తకాలు అన్నీ పట్టుకురా, చెడిపోయాయనుకున్న పేజీలు చింపకుండా. ఫోన్లో ఫొటోలు పంపొద్దు, నాకు కాగితం చూడాలి.

నీ
పెద్దమ్మ