తాగాడా, తాగించారా?

సందేహం: పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు. "దూరవిద్యలో ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. పరీక్ష తెలుగులోనే రాస్తాను. ప్రాజెక్టులో మా పక్క పేటలో బడి మానేసిన ఒక అమ్మాయి గురించి ‘తండ్రి తాగుడు ద్వారా అమ్మాయి చదువు ఆగిపోయింది’ అని రాస్తే, మా మేడం ‘ద్వారా’ కింద ఎర్రగీత గీశారు. ‘వల్ల’ అనాలా, ‘చేత’ అనాలా, ‘మూలంగా’ అనాలా? కారణం, హేతువు, మూలం ఒకటేనా? సామాజిక సమస్యల పాఠంలో ఒక్కో పేజీలో ఒక్కో మాట ఉంది."

సమాధానం: మేడం గీత సరైన చోటే పడిందమ్మా. ‘ద్వారా’లో ఉన్నది ద్వారం, అంటే దారి. పోస్టు ద్వారా ఉత్తరం వస్తుంది. కండలేరు నుంచి పూండికి కృష్ణ నీళ్లు కాలువ ద్వారా వస్తాయి. ‘తుఫాను ద్వారా పంట నష్టం’ అని టీవీలో స్క్రోలింగ్ వచ్చినప్పుడల్లా నాకు బీపీ పెరుగుతుంది. పంట తుఫానులోంచి నడుచుకుంటూ ఎక్కడికీ పోలేదు కదా!

మీ వాక్యానికి ‘వల్ల’ చాలు. పాత వ్యాకరణంలో ‘వలన’ది పంచమి, ‘చేత’ది తృతీయ. కారణం చెప్పడానికి రెండూ వాడారు. ఇప్పుడు ఆ ‘చేత’ అందుచేత, ఎందుచేత లాంటి మాటల్లో గట్టిపడి మిగిలింది. ‘పేదరికం చేత’ తప్పు కాదు కానీ పాత పుస్తకం వాసన వేస్తుంది. ‘మూలంగా’, ‘మూలాన’లో కాస్త నింద వినిపిస్తుంది. ‘నీ మూలాన ట్రైను తప్పిపోయింది’ అంటాం, ‘నీ మూలాన ట్రైను దొరికింది’ అనం. ‘కారణంగా’ పేపర్ల భాష. ఇంట్లో మనం ఎక్కువగా అనే ‘నీ పుణ్యమా అని’ని మాత్రం పరీక్షలో రాయకండి.

కారణం, హేతువు వాడుకలో ఒకటే అయిపోయాయి. తర్కంలో అలా కాదు. కొండ మీద పొగ కనిపిస్తోంది, కాబట్టి అక్కడ నిప్పుంది. ఇక్కడ హేతువు పొగ. కానీ పొగకు కారణం నిప్పు! మనకు తెలియడానికి ఆధారమైనది హేతువు, అది పుట్టడానికి ఆధారమైనది కారణం. ఈ తేడా మన ప్రత్యయాలకు బాగా తెలుసు. ‘పొగ ఉంది కాబట్టి నిప్పుంది’ అంటే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ‘పొగ వల్ల నిప్పుంది’ అని చూడండి, ఐదేళ్ల పిల్లవాడు కూడా నవ్వుతాడు.

మీ శాస్త్రంలో ఈ తేడా ఎంత అవసరమో దుర్ఖైమ్‌ని చదివితే తెలుస్తుంది. ఫ్రాన్సుకు చెందిన ఈయన 1897లో ఆత్మహత్యల లెక్కలు ముందు పెట్టుకుని, కాథలిక్కుల కంటే ప్రొటెస్టెంట్లలో రేటు ఎక్కువగా ఉందన్నాడు. అక్కడితో ఆగితే చేతిలో ఉన్నది పొగే. మనిషిని పదిమందితో కట్టి ఉంచే బంధం వదులవడమే నిప్పు అని ఆయన వాదన. ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందని ఇప్పటికీ తగువులాడుతున్నారు, అది వేరే సంగతి. ఇక ‘మూలం’ అంటే వేరు. కారణాల వెనక కారణాలు తవ్వుకుంటూ పోయినప్పుడు దానితో పని.

తర్కం దగ్గర ఇంకో మంచి పనిముట్టు ఉంది, కుమ్మరి గాడిద. కుండకు మన్ను కారణం, కుమ్మరి కారణం, సారె కారణం. మరి మన్ను మోసుకొచ్చిన గాడిదో? కుండకంటే ముందు అదీ అక్కడే ఉంది. అయినా దాన్ని కారణాల్లో చేర్చరు. ఆ గాడిద లేకపోయినా ఇంకోలా మన్ను వస్తుంది, కుండ అవుతుంది. దాన్ని అన్యథాసిద్ధం అన్నారు.

షికాగోలో షా, మెకే అనే ఇద్దరు 1942లో చూపించింది ఇలాంటి గాడిదనే. ఊరి నడిబొడ్డును ఆనుకుని ఉన్న పేటల్లో పిల్లల నేరాలు ఎక్కువ. అక్కడికి వలస వచ్చినవాళ్ల వల్లేనని ఊరంతా అనుకునేది. దశాబ్దాల లెక్క తీస్తే, ఒక దేశం వాళ్లు ఖాళీ చేసి ఇంకో దేశం వాళ్లు దిగినా ఆ పేటల్లో నేరాల రేటు మిగతాచోట్ల కంటే ఎక్కువగానే ఉంది. పేటలో ఉన్నదేదో పేటలోనే ఉంది, మనుషులు వచ్చిపోయారంతే. మద్రాసులో మూడు తరాలుగా ఉన్న మనవాళ్లు కూడా నిన్నగాక మొన్న దిగినవాళ్లని చూపించి ‘వీళ్ల వల్లే’ అనడం నేను మార్కెట్లో వారానికోసారైనా వింటాను.

ఇప్పుడు మేడం గీత గీయని మాట చూద్దాం. నా మనసంతా దాని మీదే ఉంది. ‘ఆగిపోయింది’ అన్నారు మీరు. తెలుగులో ఆ అమ్మాయి సంగతి మూడు రకాలుగా చెప్పొచ్చు. చదువు మానేసింది. చదువు మాన్పించారు. చదువు ఆగిపోయింది. మొదటిదాంట్లో పని అమ్మాయిది. రెండోదాంట్లో ఇంకెవరిదో. మూడోదాంట్లో ఎవరిదీ కాదు, గడియారం ఆగినట్టు ఆగింది. మా వీధి బడిలో తెలుగు సెక్షన్ ‘మూతపడింది’ అని చాలాకాలం నేనూ అన్నాను. తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. సెక్షన్ తీసేస్తామన్నప్పుడు అడగడానికి మేం పదిమందిమి కూడా పోలేదు. తలుపు తనంతట తాను మూతపడదు.

సమస్యకు కారణం వ్యక్తిలో ఉందా, వ్యవస్థలో ఉందా అని మీవాళ్లు వందేళ్లుగా తేల్చుకుంటున్నది దాదాపు ఈ క్రియల తగువే. అమెరికాలో మిల్స్ 1959లో చెప్పిన మాట మీ పుస్తకంలో ఉండే ఉంటుంది. లక్షమంది ఉన్న ఊళ్లో ఒక్కడికే పని లేకపోతే అతని గుణం, నేర్పు, అవకాశం చూడాలి. ఐదు కోట్లమంది పనివాళ్లున్న దేశంలో కోటిన్నరమందికి పని లేకపోతే ఒక్కొక్కరి గుణం చూసి లాభం లేదు.

దీనికి తెలుగు ఉదాహరణ పక్కనున్న నెల్లూరు జిల్లాలోనే ఉంది. తాగుడు గురించి మన మాటలన్నీ మనిషికే అంటుకుంటాయి. తాగుబోతు, తాగి చెడ్డాడు, తాగి తగలేశాడు. 1992లో దూబగుంట ఆడవాళ్లు, అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్నవాళ్లు, క్రియ మార్చారు. వీళ్లు తాగుతున్నారు సరే, తాగిస్తున్నది ఎవరు అని అడిగారు. సారా దుకాణం మీదికి వెళ్లారు. ఉద్యమం జిల్లా అంతా పాకి సారా పాటలనే అడ్డుకుంది. (పాట అంటే వేలంపాట. ఈ అర్థం ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది.) 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయింది. ఊహూఁ, సడలించారు.

అలాగని ప్రతిదానికీ ‘ఇంచు’ తగిలిస్తే సోషియాలజీ అయిపోదు. ‘సమాజం తాగించింది’ అని రాస్తే నేనూ ఎర్రగీత గీస్తాను. సమాజం దుకాణం తెరవదు, వేలం పాడదు. ప్రేరణార్థకం వాడితే చేయించినవాడు ఎవరో చెప్పాలి.

సమస్య అన్న మాట కూడా గమ్మత్తైనదే. పాతకాలంలో అది పద్యం వ్యవహారం. ‘కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’ అని చివరిపాదం ఇస్తే, ఏనుగుల గుంపు దోమ గొంతులో ఎలా దూరిందో ముందు మూడు పాదాలూ కట్టి చూపాలి. పాండవులంతటివాళ్లు విరాటుడి కొలువులో చేరారని పూరించాడు కవి. బాగా చదివే పిల్ల బడి మానేసిందన్నదీ అలాంటి చివరిపాదమే. కవి ‘విధి నేమందును’ అని తప్పుకున్నాడు. మీకా వెసులుబాటు లేదు.

కాబట్టి మీ వాక్యంలో ‘ద్వారా’ కొట్టేసి ‘వల్ల’ రాస్తే వ్యాకరణం సరిపోతుంది. కానీ ఒకటి అడగాలి. ఆ ఇంట్లో అన్నదమ్ములు కూడా బడి మానేశారా, అమ్మాయి ఒక్కతేనా? అమ్మాయి ఒక్కతే అయితే తాగుడు అందరికీ ఒకేలా తగల్లేదన్నమాట. ఆ పేటకి వెళ్లి వచ్చింది మీరు. మాన్పించింది ఎవరో తెలిస్తే ‘ఆగిపోయింది’ కూడా కొట్టేయండి.