పాత డంజన్స్ అండ్ డ్రాగన్స్ పెట్టె కొనేముందు మూత తీసి చూడండి

ఊహాలోకంలో పాత్రలుగా ఆడే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం వచ్చిన దాని 1977 నాటి బేసిక్ సెట్ ఒకటి అమ్మకానికి ఉంది, కండిషన్ ‘చాలా బాగుంది’ అంటున్నారు, ఎంత పెట్టొచ్చు అని అడిగారు. ధర సంగతి తర్వాత చూద్దాం. ముందు అది ఒకే సెట్టా, మూడు సెట్లు కలిపి కూర్చిందా తేల్చుకోండి. ఈ పాత పెట్టెల్లో అతుకుల బొంతలు చాలా ఉంటాయి. మూత ఒకచోటిది, రూల్‌బుక్ ఇంకోచోటిది, పాచికలు నిన్నగాక మొన్న కొన్నవి.

మొదటి ప్రింటింగ్‌లలో నీలి అట్ట రూల్‌బుక్‌తో పాటు డంజన్ జియోమార్ఫ్స్ (కలిపి పేర్చుకునే మ్యాప్ ముక్కలు), మాన్‌స్టర్ అండ్ ట్రెజర్ అసార్ట్‌మెంట్ (రాక్షసుల, నిధుల జాబితాలు) ఇచ్చేవారు. తర్వాత వాటి బదులు బి1 మాడ్యూల్ (ఆడటానికి సిద్ధంగా ఉన్న సాహసకథ పుస్తకం), ఆపైన బి2 వచ్చాయి. రూల్‌బుక్ మొదటి పేజీలో ‘రెండో ఎడిషన్, నవంబర్ 1978’ అని ఉండి, పెట్టెలో జియోమార్ఫ్స్ కనిపిస్తే ఎవరో కలిపారని అనుమానించాల్సిందే.

పాచికలను అరచేతిలో వేసుకుని చూడండి. అప్పటివి ఐదు. నాలుగు ముఖాలది పసుపు, ఆరుది నారింజ, ఎనిమిదిది ఆకుపచ్చ, పన్నెండుది నీలం, ఇరవైది సాధారణంగా తెలుపు. ఇరవై ముఖాలదాని మీద 1 నుంచి 20 దాకా ఉండదు, 0 నుంచి 9 వరకు రెండుసార్లు ఉంటుంది. ఆ ప్లాస్టిక్ చాలా మెత్తనిది. కొన్నాళ్లు ఆడితే చాలు, అంచులు రాలిపోయి పాచిక గోళీలా తయారవుతుంది. కాబట్టి అరిగిన పాచికలు అసలువి కావడానికే అవకాశం ఎక్కువ. అంచులు పదునుగా, అంకెలు తెల్లగా మెరుస్తుంటే రెండోసారి చూడండి. పది ముఖాల పాచిక కనిపిస్తే అది బయటి నుంచి వచ్చినదే. 1979లో పాచికలకు కొరత వచ్చి, వాటి బదులు కత్తిరించుకుని తీసే అంకెల చీటీలు, పాచికలు తెప్పించుకునే కూపన్ పెట్టి అమ్మారు. అలాంటి పెట్టెలో పాచికలు లేవని బేరమాడకండి. కత్తిరించని చీటీలు ఉండటమే దాని విలువ.

బి1 ఉంటే లోపలి పేజీలు ఒక్కొక్కటే తిప్పండి. గదుల్లో ఏ రాక్షసులున్నాయో, ఏ నిధి ఉందో ఆడించేవాళ్లే రాసుకోవడానికి అందులో ఖాళీలు వదిలారు. అందుకే రాతలున్న కాపీలు చాలా కనిపిస్తాయి. పెన్సిల్ అయితే అలాగే ఉండనివ్వండి. రబ్బరుతో రుద్దితే కాగితం పైపొర లేచి, మచ్చ ఇంకా ప్రస్ఫుటమవుతుంది. మాడ్యూల్ అట్ట పుస్తకానికి కుట్టి ఉండదు, విడిగా ఉంటుంది, మ్యాప్ దాని లోపలివైపే ఉంటుంది. అట్ట పోతే మ్యాప్ కూడా పోయినట్టే.

రూల్‌బుక్‌కి నడిపేజీ తెరవండి. పిన్నులు తుప్పుపట్టి ఉంటే చుట్టూ గోధుమరంగు మరక, ఆ కాగితం చిరిగి ఊడిపోయే దశ. మూలలు చిట్లిన పెట్టె నాకు పెద్ద లోపం కాదు. ఆ అట్ట పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే చిట్లుతాయి, అది సహజం. దాన్ని సెల్లో టేపుతో అతికించడమే అసలు నష్టం. జిగురు పసుపెక్కి బొమ్మలోకి ఇంకిపోతుంది, ఇక రాదు. బూజు వాసన వస్తే మాత్రం ఎంత చవకైనా వదిలేయండి, మీ దగ్గరున్న మిగతా పుస్తకాలకు అంటుకుంటుంది.

ప్లాస్టిక్ కవర్ విప్పలేదు కాబట్టి కొత్తది అనే మాట నమ్మొద్దు. అలాంటి కవర్ ఎవరైనా వేడిచేసి మళ్లీ చుట్టొచ్చు. లోపలున్నది చూడకుండా ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలి?

ప్రింటింగ్ తేడా ధరను ఎంత మారుస్తుందో చూడాలంటే ఈ ఆటకే 1980లో వచ్చిన దేవతల పుస్తకం డీటీస్ అండ్ డెమీగాడ్స్ తీసుకోండి. మొదట 144 పేజీలు. క్తుల్హు, మెల్నిబోనే అధ్యాయాలు (వేరే రచయితల కథల్లోంచి తెచ్చినవి) తీసేశాక 128. అట్ట అదే, పేజీలు లెక్కపెట్టినవాడికే తేడా తెలుస్తుంది. కలెక్టర్లు వెతికేది ఆ 144 పేజీలదే.

ఇక ధరకు, అడుగుతున్న రేట్లు పక్కన పెట్టి, నిజంగా అమ్ముడైన రేట్లే చూడండి, అవీ అదే ప్రింటింగ్‌వి. అమ్మేవాళ్లను నాలుగు ఫొటోలు అడగండి: రూల్‌బుక్ మొదటి పేజీ, నడిపేజీలో పిన్నులు, మాడ్యూల్ అట్ట లోపలి మ్యాప్, పాచికలన్నీ ఒక్కచోట. నడిపేజీ ఫొటో పంపడానికి సాకులు చెబితే, ఆ సెట్‌లో ఏదో లోటుందని లెక్కేసి అందుకు తగ్గ రేటే చెప్పండి.