గట్టి గాలిలో లేజర్ పడవ అదుపు తప్పకుండా నడపడం ఎలా?

మెల్లగాలిలో లేజర్ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) బాగానే నడుపుతున్నాననీ, జూలైలో హుస్సేన్ సాగర్‌లో గాలి విసిరేసరికి పడవ ఒరిగిపోయి టెన్షన్ వస్తోందనీ రాశారు. నేనూ వానాకాలంలో అక్కడే నడుపుతుంటాను. నాకు పనికొచ్చినవి చెప్తాను.

విసురు తగలగానే కొత్తవాళ్లు టిల్లర్‌తో (చుక్కాని తిప్పే కర్రతో) కుస్తీ పడతారు. ముందు పని మెయిన్‌షీట్‌ది, అంటే తెరచాపను లాగి వదిలే తాడుది (షీటు అన్నా అదే). పడవ ఒరగబోతుండగానే ఒక మూర షీటు వదలండి, అదే సమయంలో హైకింగ్ స్ట్రాప్ అనే పట్టీ కింద పాదాలు బిగించి ఒళ్లంతా బయటకు వాల్చండి. సమంగా నిలబడగానే మళ్లీ లాక్కోండి. బాగా ఒరిగాక వదిలితే లాభం లేదు. బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) చివర నీళ్లకు తగిలి తెరచాప బయటకు పోదు. పైగా ఒరిగిన పడవ దానంతట అదే గాలికి ఎదురు తిరుగుతుంది, చుక్కాని మాట వినదు. అందుకే షీటు ఎప్పుడూ చేతిలోనే ఉండాలి.

మన చెరువులో ఇంకో తిరకాసుంది. నెక్లెస్ రోడ్డు వైపు నుంచి వచ్చే పడమటి గాలి భవనాలనూ చెట్లనూ దాటుకుని వస్తుంది, నిలకడ ఉండదు. గాలి వచ్చే వైపు నీళ్లు గమనిస్తూ ఉండండి. విసురు వస్తుంటే అక్కడ నీళ్లు గరగరలాడుతూ నల్లబడతాయి. తగలకముందే సిద్ధం కావచ్చు.

ఒడ్డు మీదే వాంగ్ (బూమ్‌ను కిందికి లాగే తాడు), కన్నింగ్‌హామ్ (తెరచాప ముందు అంచును కిందికి లాగే తాడు) గట్టిగా లాగితే తెరచాప చదునై గాలి బలం తగ్గుతుంది. మీ బరువు తక్కువైతే 7.06 చదరపు మీటర్ల పెద్ద తెరచాప వద్దు. అంతకంటే చిన్న తెరచాపలైన రేడియల్ గానీ 4.7 గానీ తీసుకోండి, ఇందులో నామోషీ ఏమీ లేదు.

వెనకగాలిలో బూమ్ మరీ బయటకు పోనివ్వకండి, పడవ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఊగితే కొంచెం షీటు లోపలికి లాగండి. ఇక జైబ్, అంటే వెనకగాలిలో పడవ తిప్పి తెరచాపను రెండోవైపుకు మార్చడం. ఎక్కువమంది నీళ్లలో పడేది ఇక్కడే. పడవ నిదానించినప్పుడు జైబ్ చేస్తే బాగుంటుందనిపిస్తుంది, కానీ వ్యవహారం తలకిందులు. వేగంగా పోతున్నప్పుడే తెరచాప మీద గాలి ఒత్తిడి తక్కువ, అప్పుడే తిప్పాలి. ధైర్యం చాలకపోతే గాలికి ఎదురు తిరిగి, ట్యాక్ చేసి (పడవ ముక్కును గాలి మీదుగా రెండోవైపుకు దాటించి) చుట్టి రండి. రేసులో రెండు స్థానాలు పోతాయి, హుస్సేన్ సాగర్ నీళ్లు తాగడం కంటే నయం కదా!

ఒకవేళ బోల్తా పడితే పడవను వదిలి ఒడ్డుకు ఈదకండి. షీటు వదులు చేసి, ముక్కు గాలివైపుకు తిప్పి, డాగర్‌బోర్డు (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) మీద నిలబడి లేపండి. షీటు బిగిసి ఉండగా లేపితే లేచీ లేవగానే రెండోవైపు పడుతుంది. లోతు తక్కువ చోట పూర్తిగా తలకిందులైతే మాస్టు (తెరచాప స్తంభం) బురదలో దిగబడొచ్చు, అప్పుడు బలం పెట్టి విరగ్గొట్టుకోకుండా రెస్క్యూ బోటును పిలవండి. ఆ బోటు నీళ్లలో లేని రోజు, ఎంత మంచి లైఫ్ జాకెట్ ఉన్నా నేనైతే దిగను.