డాక్టర్ సలహా: మా అబ్బాయి గే అంటున్నాడు, ఇది వాడు ఎంచుకున్నదేనా?

ప్రశ్న: డాక్టర్‌గారూ, మాది ప్రార్థన మీద నిలబడిన కుటుంబం. ముగ్గురూ మగపిల్లలే. చిన్నవాడికి 21 ఏళ్లు. అమ్మాయిల మీద తనకు ఎప్పుడూ ఇష్టం కలగలేదని, అబ్బాయిల మీదే కలుగుతుందని పోయిన నెల ఏడుస్తూ నాతో చెప్పాడు. పాస్టర్‌గారిని అడిగితే అది వాడు కావాలని ఎంచుకున్న పాపం, పశ్చాత్తాపపడితే పోతుంది అన్నారు. వాడేమో ‘నేను ఎంచుకోలేదమ్మా’ అంటాడు. వాళ్ల నాన్నకు ఇంకా తెలియదు. నా పెంపకంలో లోపమా? హార్మోన్ టెస్టులు చేయించాలా? పెళ్లి చేస్తే మారతాడా? వాడి మాట నమ్మితే దేవుడి వాక్యాన్ని కాదన్నట్టేనా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ అసలు ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. మీ అబ్బాయి నిజమే చెప్పాడు. ఎవరి మీద ఆకర్షణ కలగాలో ఎవరూ కూర్చుని నిర్ణయించుకోరు. మీరూ నేనూ నిర్ణయించుకోలేదు, వాడూ నిర్ణయించుకోలేదు. ఆ మాట నమ్మడానికి మీరు బైబిల్ మూసేయాల్సిన పనిలేదు, ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

సైకియాట్రిస్టుగా నా దగ్గరకు ఇలాంటి పిల్లలు చాలామంది వస్తారు, వాళ్లలో విశ్వాసుల ఇళ్లవాళ్లూ తక్కువేమీ కాదు. ఎప్పటినుంచి ఇలా అనిపిస్తోంది అని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే. పన్నెండు పదమూడేళ్ల వయసులో స్నేహితులంతా క్లాసులో ఒక అమ్మాయి గురించి గుసగుసలాడుకుంటుంటే తనకేమీ అనిపించకపోవడం, తన చూపు మాత్రం పక్క బెంచీ అబ్బాయి మీదకు పోతోందని గమనించి హడలిపోవడం, అది బయటపడకుండా అందరితోపాటు నవ్వేయడం. ఒక కుర్రాడైతే చిన్న నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. రోజూ పడుకునే ముందు ప్రార్థన చేసుకుని, ఆ రోజు ‘ఆ ఆలోచన’ వచ్చి ఉంటే తేదీ పక్కన ఇంటూ, రాకపోతే టిక్కు. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టి డిగ్రీ దాకా రాశాడు. పేజీలకు పేజీలు ఇంటూలే. కావాలని ఎంచుకున్నవాడు ఇలాంటి పుస్తకం ఎందుకు రాస్తాడమ్మా?

మరి కారణం ఏమిటంటే, ఇదీ అని ఒక్కదాన్ని చూపించలేం, చాలా విషయాలు కలుస్తాయి. 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో దాదాపు 4 లక్షల 70 వేల మంది జన్యువులను పరిశీలించారు. ‘గే జీన్’ అంటూ ఒక్కటి దొరకలేదు, తలా కొంచెం ప్రభావం చూపే జన్యు తేడాలు చాలా ఉన్నాయని తేలింది, ఆ లెక్కలో అవన్నీ కలిపినా ఈ విషయంలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాలో 8 నుంచి 25 శాతాన్నే వివరించగలిగాయి. దీన్ని పట్టుకుని ‘చూశారా, జన్యువుల్లో లేదట, అంటే వాళ్లు ఎంచుకున్నదే’ అనేవాళ్లు ఉన్నారు. ఆ లెక్క తప్పు. జన్యువుల్లో లేనిదంతా మన ఇష్టప్రకారం జరిగిందని కాదు. తల్లి కడుపులో జరిగేవి బిడ్డ ఎంచుకుంటాడా?

మీకు ముగ్గురూ మగపిల్లలే అన్నారు కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. ఒకే తల్లికి పుట్టిన అన్నలు ఎక్కువయ్యేకొద్దీ తర్వాత పుట్టే మగబిడ్డ గే అయ్యే అవకాశం పెరుగుతుందని కెనడా పరిశోధకులు రే బ్లాంచర్డ్, ఆంథనీ బోగార్ట్ 1996లో గుర్తించారు. ఒక్కో అన్నకు ఆ అవకాశం సుమారు మూడో వంతు పెరుగుతుంది. భయపడకండి, అసలు అవకాశమే నూటికి రెండు మూడు కాబట్టి అన్నలున్న తమ్ముళ్లలో అత్యధికులు అమ్మాయిలనే ఇష్టపడతారు. ఇక్కడ ముఖ్యమైనది ఏమిటంటే, ఒకే కడుపున పుట్టిన అన్నలు వేరే ఇంట్లో పెరిగినా ఈ ప్రభావం కనిపించింది, కలిసి పెరిగినా రక్తసంబంధం లేని అన్నల విషయంలో కనిపించలేదు. అంటే ఇది పెంపకం సంగతి కాదు, పుట్టకముందు సంగతి.

కాబట్టి మీ పెంపకంలో లోపం లేదు. తల్లి అతిగా గారం చేసినా, తండ్రి దూరంగా ఉన్నా పిల్లలు ఇలా అవుతారని పాతకాలపు మానసిక వైద్యులు కొందరు చెప్పేవారు, అది నిలబడలేదు, కానీ ఆ మాట ఎందరు తల్లులను కాల్చుకుతిందో నేను కళ్లారా చూశాను. యోహాను సువార్త 9వ అధ్యాయం మీకు తెలిసే ఉంటుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది వీడా, వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే యేసు ఇద్దరూ కాదన్నాడు. మీ అబ్బాయిది అంగవైకల్యం అని నా ఉద్దేశం కాదు, అస్సలు కాదు. తప్పు ఎవరిదో తేల్చాలన్న మన తొందర గురించే చెబుతున్నాను.

టెస్టులు ఏవీ వద్దు. గే అయిన మగవాళ్లలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తక్కువేమీ ఉండదు, ఇంజెక్షన్లు ఇచ్చినా ఆకర్షణ దిశ మారదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. జబ్బే కానప్పుడు మందు దేనికి? ఇంకొకటి, గే అంటే ఆడపిల్లగా మారాలనుకోవడం అని కొందరు అనుకుంటారు, అది వేరే విషయం. మీ అబ్బాయి మగవాడే, తను మగవాణ్ణనే అనుకుంటున్నాడు.

ఇక పాస్టర్‌గారి మాట. ఆయన మీ మేలు కోరే చెప్పి ఉంటారు. కానీ రెండు వేరు వేరు ప్రశ్నలు ఇక్కడ ఒకటైపోయాయి. ఈ ఆకర్షణ మనిషి ఎంచుకున్నదా అనేది ఒకటి, ఆకర్షణ ఉన్న మనిషి విశ్వాసిగా ఎలా బతకాలి అనేది ఇంకొకటి. మొదటిదానికి వైద్యం జవాబు చెప్పగలదు. రెండోది మీరూ మీ అబ్బాయీ మీ సంఘమూ తేల్చుకోవాల్సింది, అందులో నేను తలదూర్చను.

‘ఎంచుకున్నదే’ అనే అభిప్రాయానికి ఆధారంగా సాధారణంగా రెండు చోట్లు చూపిస్తారు. రోమీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో స్వాభావికమైనదాన్ని విడిచిపెట్టినవాళ్ల గురించి పౌలు రాశాడు. మొదటి కొరింథీ 6లో అలాంటివాళ్లను ప్రస్తావించి, మీలో కొందరు ఒకప్పుడు ఇలాంటివారే, ఇప్పుడు కడగబడ్డారు అన్నాడు. ఈ రెండూ కలిపి చదివి, కావాలని విడిచారు కాబట్టి కావాలనుకుంటే వెనక్కి రావచ్చు అంటారు. అయితే కొరింథీలోని అదే వరుసలో లోభులూ తాగుబోతులూ కూడా ఉన్నారు, పశ్చాత్తాపపడ్డ తాగుబోతు తాగడం మానేస్తాడు, కానీ తాగాలన్న కోరిక ఆ రోజుతోనే చచ్చిపోతుందని ఏ పాస్టరూ చెప్పరు. లేవీయకాండం 18, 20 అధ్యాయాల్లో ఉన్నది కూడా చేసే పని మీద నిషేధమే. పన్నెండేళ్ల పిల్లవాడి మనసులో ఆకర్షణ ఎలా పుడుతుందన్నది వీటిలో ఎక్కడా చర్చకు రాదు.

నేను కల్పించి చెప్పడం లేదు, ఈ విషయంలో బాగా కఠినంగా ఉండే సంఘాలే ఈ తేడా పాటిస్తాయి. స్వలింగ సంపర్కం పాపమని చెప్పే కాథలిక్ సంఘం, కేవలం ఆ మొగ్గు ఉండటం పాపం కాదని 1986లో బిషప్పులకు రాసిన లేఖలో స్పష్టం చేసింది, ఆ మొగ్గు సరైనది కాదని కూడా అదే లేఖలో అంది. 1992 నాటి వాళ్ల సత్యోపదేశం అనే అధికారిక బోధల పుస్తకంలో అయితే ఇలాంటివాళ్లు తమ స్థితిని ఎంచుకోరు అనే వాక్యమే ఉండేది, 1997 సవరణలో దాన్ని తీసేశారు, కానీ వాళ్లను గౌరవంతో, కనికరంతో స్వీకరించాలన్న మాట అలాగే ఉంచారు. అమెరికాలో సదరన్ బాప్టిస్టుల సెమినరీకి అధ్యక్షుడైన ఆల్ మోలర్ సంప్రదాయవాదుల్లో సంప్రదాయవాది. ఆయన 2014లో, లైంగిక మొగ్గు అనేదే లేదని తాను ఒకప్పుడు వాదించడం తప్పని బహిరంగంగా ఒప్పుకున్నారు. స్వలింగ సంబంధం పాపం అనే నమ్మకాన్ని మాత్రం ఆయన వదల్లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండగలిగాయి, చూడండి.

అటువైపు చూస్తే, అమెరికాలోని ఎపిస్కోపల్ చర్చి, ప్రెస్బిటీరియన్ చర్చి 2015 నుంచి స్వలింగ జంటలకు పెళ్లిళ్లు జరిపిస్తున్నాయి. యునైటెడ్ మెథడిస్టులు ఇది క్రైస్తవ బోధకు సరిపడదని 1972లో రాసుకున్న వాక్యాన్ని 2024లో తొలగించారు. 2023 డిసెంబరులో వాటికన్ ఇలాంటి జంటలను ప్రీస్టులు ఆశీర్వదించవచ్చు, అయితే అది పెళ్లి కాదు అంది. ఆర్థడాక్స్ సంఘాలూ, ఇవాంజెలికల్, పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువ భాగమూ పాత బోధ మీదే ఉన్నాయి. మీరు ఎటు నిలబడతారో మీ మనస్సాక్షి చెబుతుంది. ఎటు నిలబడ్డా ‘నేను ఎంచుకోలేదు’ అన్న కొడుకు మాట నమ్మొచ్చు.

ప్రార్థనతోనో కౌన్సెలింగ్‌తోనో మార్చేస్తాం అనేవాళ్ల గురించి మాత్రం గట్టిగా చెబుతాను. ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అని 1976లో మొదలైన క్రైస్తవ సంస్థ ఒకటి ఉండేది, గేలను మార్చే పనికి పెట్టింది పేరు. దాని అధ్యక్షుడు అలన్ ఛాంబర్స్, తాను కలిసినవాళ్లలో 99.9 శాతం మందికి ఆకర్షణ మారలేదని 2012లో ఒప్పుకున్నాడు, మరుసటేడు క్షమాపణ చెప్పి సంస్థను మూసేశారు. వాళ్లకు విశ్వాసం తక్కువై కాదు, ప్రార్థన చేయక కాదు. వైద్యుల వైపు చూసినా అంతే. రాబర్ట్ స్పిట్జర్ అనే పేరున్న సైకియాట్రిస్టు, ఇది జబ్బు కాదని 1973లో తేల్చడంలో ముందున్న మనిషే, 200 మందిని ఫోనులో ప్రశ్నించి కొందరు మారగలరని 2003లో పత్రం ప్రచురించాడు. మారామని చెప్పినవాళ్ల మాట తప్ప వేరే రుజువు తన దగ్గర లేదని 2012లో ఆయనే గే సమాజానికి క్షమాపణ చెప్పాడు. ఈలోపు ఆ పత్రాన్ని చూపించి ఎంతమంది పిల్లల్ని ఒత్తిడి చేశారో. మాల్టా 2016లో, కెనడా 2022లో ఈ కన్వర్షన్ థెరపీని చట్టంతో నిషేధించాయి. ఇందులో పడినవాళ్లకు ఆకర్షణ పోదు, డిప్రెషన్, తన మీద తనకే అసహ్యం, దేవుడు నన్ను వదిలేశాడన్న భావం మిగులుతాయి. ఆ చివరిది విశ్వాసుల పిల్లలకు భరించలేనంత బాధ.

పెళ్లి అసలే వద్దు. ఎడమచేతి వాటం పిల్లవాణ్ణి కొట్టి కుడిచేత్తో రాయిస్తే రాస్తాడు, వాటం మాత్రం మారదు, ఇదీ అంతే. పైగా ఇక్కడ ఇంకో ఇంటి ఆడపిల్ల ఉంది. భర్త తన దగ్గరకు ఎందుకు రావడం లేదో తెలియక, లోపం తనలోనే ఉందనుకుని కుమిలిపోయే భార్యలు కూడా నా దగ్గరకే వస్తారు. వాళ్లను చూసినప్పుడల్లా ఈ పెళ్లి చేసిన పెద్దల మీద నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పాస్టర్‌గారికి చెప్పే ముందు మీ అబ్బాయిని అడిగారా? అడగకపోతే, చెప్పిన సంగతి వాడికి మీరే చెప్పండి, బయటినుంచి తెలిస్తే ఇంకెప్పుడూ మీకు ఏదీ చెప్పడు. పాస్టర్‌గారిని కూడా ఇది ఎవరితోనూ అనొద్దని, ప్రార్థనలో పేరు ఎత్తొద్దని అడగండి. నాన్నకు ఎప్పుడు చెప్పాలో, మీరు పక్కన ఉండాలో వద్దో వాడినే నిర్ణయించుకోనివ్వండి. మీకు ఇంకా అర్థం కాకపోతే అర్థం కావడం లేదనే చెప్పండి, నటించనక్కర్లేదు, కానీ ‘నువ్వు నా కొడుకువే, ఇల్లు ఇదే’ అనే మాట ఇవాళే వాడి చెవిన పడాలి. ఇది ఓదార్పు కోసం చెప్పడం లేదు. 2009లో అమెరికాలో క్యాట్లిన్ రయన్ బృందం చేసిన అధ్యయనంలో, ఇంట్లో తీవ్రంగా తిరస్కారానికి గురైన ఇలాంటి యువత ఆత్మహత్యాయత్నం చేసినట్టు చెప్పడం, అలాంటి తిరస్కారం పెద్దగా ఎదురుకానివాళ్లతో పోలిస్తే ఎనిమిది రెట్లకు పైగా ఎక్కువగా కనిపించింది.

ఏడుస్తూ చెప్పాడన్నారు కాబట్టి కొన్నాళ్లు వాణ్ణి గమనిస్తూ ఉండండి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, తలుపు వేసుకుని ఒంటరిగా ఉండిపోవడం, తన వస్తువులు ఎవరికో ఇచ్చేయడం, ‘నేను లేకపోతే మీకు గొడవ ఉండదు’ లాంటి మాటలు, వీటిలో ఏది కనిపించినా ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా’ అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే వాణ్ణి ఒంటరిగా వదలకుండా ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరకో, దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకో తీసుకెళ్లండి. అలాంటిదేమీ లేకపోయినా వాడికి ఎవరితోనైనా మాట్లాడాలని ఉంటే కౌన్సెలర్‌ను కలవొచ్చు, మీరూ విడిగా కలవొచ్చు, మీకూ ఇది తక్కువ టెన్షన్ కాదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘మీరు దీన్ని మారుస్తారా’ అని అడగండి. మారుస్తాం అంటే అక్కడికి వెళ్లకండి.