నాన్న వీలునామాలో నా పేరు లేదు, కోర్టుకెళ్తే నిలబడుతుందా?

తండ్రి వీలునామాలో కూతురి పేరు లేకపోతే కోర్టుకెళ్లి లాభముందా అని అడిగారు. ఉంది. కానీ "నన్నెందుకు వదిలేశాడు" అన్న ప్రశ్న మాత్రం అక్కడికి పట్టుకెళ్లకండి, దానికి ఏ జడ్జీ జవాబు చెప్పడు. స్వార్జితాన్ని ఎవరికైనా రాసుకోవచ్చు, గుడికైనా, పక్కింటివాడికైనా. అడగాల్సింది ఒక్కటే, అసలు అది రాయడానికి ఆయనదేనా?

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న పెద్దకర్మ రోజు భోజనాలవగానే అన్నయ్య వీలునామా తీశాడు. ఇల్లు, మూడెకరాల మాగాణి అంతా తనకే. "అమ్మాయికి పెళ్లిలో ముట్టింది చాలు" అని మధ్యలో ఒక లైను. నాకు ఒళ్లు మండిపోయింది. పైగా బంధువులు, ఆడపిల్ల పుట్టింటి మీద కేసు వేస్తుందా అని. అన్న చెల్లెలి వాటా తింటే మాత్రం ఎవరికీ నోరు లేవదు, అదేమిటో!

ఆయన ఒంట్లో బాగోలేనప్పుడు రాయించుకున్నారని కేసులో మా వాదన. వీలునామాకి కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి, బతికుంటే వాళ్లలో ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. రిజిస్టర్ అయినంత మాత్రాన అది నిజమైపోదు, కానంత మాత్రాన చెల్లకుండా పోదు. ఎన్ని వాయిదాలు తిరిగాక వచ్చాడో సాక్షి, నాన్నతో రోజూ పేకాడే ఎదురింటి మామయ్య. మా లాయరు గారు గొంతు పెంచి "ఆ రోజు ఆయనకి తెలివి సరిగ్గా ఉందా?" అన్నారు. మామయ్య ఏమాత్రం తడుముకోకుండా "ఎందుకు లేదండీ, సంతకం పెట్టిన సాయంత్రమే పేకలో నా జేబు ఖాళీ చేశాడు" అన్నాడు. కోర్టు హాల్లో అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. బయటికొచ్చాక "అబద్ధం ఆడలేనమ్మాయ్" అన్నాడు. దాంతో ఇల్లు పోయింది, అది నాన్న తన జీతంతో కట్టుకున్నదే.

పొలం మాత్రం పోలేదు. వీలునామాలో దాన్నీ స్వార్జితమని రాశారు. ఈ దస్తావేజులు రాసేవాళ్లకి ఆ మాట చేతికి అలవాటైపోయింది, పాత కాగితం ఒక్కటీ అడగరు. రిజిస్ట్రార్ ఆఫీసులో తాతయ్య, కొడుకులు పంచుకున్న నాటి పారీఖత్తు నకలు తీయించాను (అంత పాతవి ఆన్‌లైన్లో దొరకవు, మనిషి వెళ్లి ప్రాధేయపడాల్సిందే). అంటే అది పిత్రార్జితం, తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి. మన ఆంధ్రాలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకి అప్పుడే హక్కు వచ్చింది, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ పెళ్లయిన వాళ్లకీ ఇచ్చింది, ఆ సవరణ అమల్లోకి వచ్చిన తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది. కాబట్టి నాన్నకి, అన్నయ్యకి, నాకు తలో ఎకరం. నాన్న తన ఎకరం అన్నయ్యకి రాసుకోవచ్చు, నాది ఎలా రాస్తాడు? పెళ్లిలో ఎంత పెట్టారన్నది ఆ లెక్కలోకి రాలేదు.

2004 డిసెంబరు 20కి ముందే మీ అన్నదమ్ములూ నాన్నగారూ రిజిస్టర్డుగా పంచేసుకుని ఉంటే మాత్రం ఇది కుదరదు. మీ పొలం ఆయన కొన్నదా, తాతగారి నుంచి వచ్చిందా? తాతగారిదైతే ఏ ఏడాది, పంపకాల్లోనా, ఆయన పోయాకా? మీరు అసలు సంగతి రాయకుండా మీ వదిన గురించే అంతా రాశారు.